ట్రాఫిక్ సిగ్నల్ ఆట సెట్: మూడు లైట్ల కన్నా ఆ చిన్న డబ్బానే ముఖ్యం

నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠాలు చెప్పడం నా పని. ట్రాఫిక్ లైట్ల బొమ్మ ఏది కొనాలన్నా ముందు ఒక్కటే చూస్తాను, నాలుగు వైపులా ఒకేసారి ఒకే రంగు వెలుగుతోందా అని. చాలా బొమ్మల్లో అలాగే వెలుగుతుంది. ఎదురెదురు రోడ్లతో పాటు అడ్డరోడ్డుకూ అదే క్షణంలో ఆకుపచ్చ! నిజమైన కూడలిలో అలా వెలిగితే బళ్లన్నీ గుద్దుకుంటాయి. ఈ సెట్‌లో ఆ తప్పు లేదు. ఒక రోడ్డుకు ఆకుపచ్చ పడితే అడ్డరోడ్డుకు ఎరుపే ఉంటుంది. నేను దీన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం అదే.

బ్యాటరీతో వెలిగే సిగ్నల్ స్తంభం, పిల్లలు పైన నడవగలిగేంత పెద్ద షీటు మీద అచ్చు వేసిన కూడలి, కొన్ని కార్లు, ఒక బస్సు, వీటితో పాటు బటన్ ఉన్న చిన్న డబ్బా ఒకటి వస్తాయి. ఆ డబ్బా మీద నిలబడ్డ ఎర్ర మనిషి, నడుస్తున్న ఆకుపచ్చ మనిషి బొమ్మలుంటాయి. అంటే అది పాదచారుల సిగ్నల్. నా దృష్టిలో మొత్తం సెట్‌లో విలువైన వస్తువు ఇదే.

"ఆకుపచ్చ అంటే ఏంటి?" అని అడిగితే క్లాసంతా "వెళ్ళొచ్చు!" అని అరుస్తుంది. "ఎవరు వెళ్ళొచ్చు?" అంటే ఒక్కరూ మాట్లాడరు. అసలు పాఠం మొదలయ్యేది అక్కడే. రోడ్డు అంచున నిలబడ్డ పిల్లాడికి పెద్దగా కనిపించేది వాడు దాటబోయే రోడ్డు మీద వచ్చే బళ్ల కోసం పెట్టిన లైటు. అందులో ఆకుపచ్చ పడిందంటే బళ్లు కదులుతున్నాయని అర్థం, వాడు ఆగాల్సిన సమయమది. "ఆకుపచ్చ అంటే వెళ్ళు" అని మాత్రమే నేర్పి వదిలేస్తే సరిగ్గా అప్పుడే అడుగు వేస్తాడు. ఈ సెట్‌లో బటన్ నొక్కాక కాసేపు ఆగాలి. ముందు బళ్లకు ఎరుపు పడుతుంది, ఆ తర్వాతే ఆకుపచ్చ మనిషి వెలుగుతాడు. నాలుగైదుసార్లు ఆడేసరికి పిల్లలే "టీచర్, అది కార్ల లైటు, మనది ఇది" అని చూపించడం మొదలుపెట్టారు.

ఆకుపచ్చ మనిషి ఆరిపోయే ముందు మిణుకుమిణుకుమంటాడు. అది చూసి ఒక పాప జీబ్రా చారల మధ్యలో బిగుసుకుపోయి నిలబడింది. ఇంట్లో షీటు మీద అలా నిలబడితే ఫర్వాలేదు, రోడ్డు మీద మాత్రం చాలా ప్రమాదం. మిణుకుమంటే కొత్తగా అడుగు పెట్టకూడదు, అప్పటికే మధ్యలో ఉంటే ఆగకుండా అవతలికి వెళ్ళిపోవాలి. ఈ రెండు విషయాలూ సెట్‌తో వచ్చిన పుస్తకంలో లేవు. మీరే నేర్పాలి.

పసుపు లైటు సరిగ్గా చేయలేదు. పిల్లలు గమనించేలోపే ఆరిపోతుంది. 1868లో లండన్ పార్లమెంటు భవనం దగ్గర పెట్టిన మొదటి సిగ్నల్‌లో గ్యాస్ దీపాలతో ఎరుపు, ఆకుపచ్చ రెండే ఉండేవి, పసుపు లేదు. 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి నాలుగు వైపులకూ మూడు రంగులు చూపే సిగ్నల్ తయారుచేశాడు. పసుపు ఎందుకు కావాలో చెప్పడానికి ఇందులోని కార్లు బాగా పనికొస్తాయి. చక్రాలు తేలిగ్గా తిరుగుతాయి కాబట్టి కారును తోసి "గీత దగ్గర ఆపు" అంటే అది గీత దాటేసి గానీ ఆగదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే నిజమైన కారు ఒక్క సెకనులోనే 14 మీటర్లకు దగ్గరగా వచ్చేస్తుంది. డ్రైవర్ కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపే అంత దూరం అయిపోతుంది. ఆరేళ్ల పిల్లలకు అంకెలు చెప్పక్కర్లేదు. కారు గీత దాటడం కళ్లారా చూస్తే చాలు.

స్తంభంలో ఒక గొంతు ఉంది. ఆకుపచ్చ పడగానే "గో! గో!" అని అరుస్తుంది. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. అది విన్న పిల్లలు అటూ ఇటూ చూడకుండా పరుగెత్తుతారు. సిగ్నల్ మనకు అనుకూలంగా ఉన్నా, మలుపు తిరిగే బండో, ఎరుపు దాటేసే బండో వస్తుందేమో చూసుకోవాలి కదా. అడుగున స్విచ్ ఉంది, కొన్నరోజే ఆపేయండి.

రోడ్డు పక్కన ఆపి ఉంచిన బళ్లు ఇందులో లేవు, అదీ పెద్ద లోటే. ఆపిన వ్యాను వెనక నిలబడ్డ చిన్న పిల్లకు వచ్చే కారు కనిపించదు, ఆ డ్రైవర్‌కూ పిల్ల కనిపించదు. నేను షీటు అంచున ఒక పెద్ద అట్టపెట్టె పెట్టి, ఒకరిని దాని వెనక నిలబెట్టి "ఏం కనిపిస్తోంది?" అని అడుగుతాను. అడ్డం లేని చోటికి జరిగి దాటాలని వాళ్లకే అర్థమవుతుంది.

ఇలాంటి బొమ్మ చూసి ధైర్యం వచ్చి పిల్లల్ని ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి. ఎదురొచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయడం ఈ వయసుకు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుంచి 29 ఏళ్ల వాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే. నేర్చుకుంటున్నంతకాలం మీ చెయ్యి వాళ్ల చేతిలో ఉండాలి.

ఎరుపు ఎప్పుడూ పైనే ఉంది, అది మంచి విషయం. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, ఉంటారు. వాళ్లకు "పైది వెలిగితే బళ్లు ఆగాలి" అని స్థానాన్ని బట్టి నేర్పొచ్చు. బ్యాటరీ మూతకు స్క్రూ ఉంది. కార్లు మాత్రం చిన్నవి, మూడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వొద్దు.

అయిదుకి నాలుగు ఇస్తాను. కంపెనీవాళ్లు ఆ పాదచారుల డబ్బాను విడిగా అమ్మితే ఇంకొకటి కొంటాను. నిజమైన రోడ్డుకు రెండు పక్కలా అది ఉంటుంది, ఇందులో ఒక పక్కకే ఇచ్చారు.