నాలుగు బోల్టు రంధ్రాలు: విశాఖ తీరంలో హైబ్రిడ్ సైకిల్‌తో అయిదేళ్లు

అయిదేళ్ల కిందట ఈ హైబ్రిడ్ సైకిల్ (వేగంగా పోయే రోడ్డు సైకిల్‌కూ కొండదారుల సైకిల్‌కూ మధ్యరకం) కొనేముందు టైర్ల వెడల్పు గురించీ గేర్ల గురించీ డిస్క్ బ్రేకుల గురించీ నెలరోజులు ఆలోచించాను గాని, క్యారియర్ బిగించడానికి వెనుక ఇరుసు దగ్గర రెండు, సీటు కింద రెండు ఉండే చిన్న బోల్టు రంధ్రాలను మాత్రం కన్నెత్తి చూడలేదు. ఆఫీసుకూ ఆదివారపు షికారుకూ ఒకే సైకిల్ కావాలని ఎవరైనా సలహా అడిగితే, ఆ నాలుగు రంధ్రాలు ఉన్నాయో లేవో ముందు చూడమని ఇప్పుడు చెబుతున్నాను.

ఎంవీపీ కాలనీ నుంచి రుషికొండ మీది ఆఫీసుకు పోనురాను నాకు సుమారు 18 కిలోమీటర్లు. ఆదివారాలు అదే తీరం వెంట భీమిలి దాకా వెళతాను. మొదటి నాలుగు నెలలూ ల్యాప్‌టాప్ సంచిని వీపుకు తగిలించుకునే తొక్కాను. విశాఖ ఉక్కపోతలో జోడుగుళ్లపాలెం దాటేసరికే సంచి ఆనినంత మేరా చొక్కా తడిసి ఒంటికి అంటుకునేది. మార్చుకోవడానికి ఇంకో చొక్కా పెట్టుకుంటే సంచి మరింత బరువెక్కేది. ఆఖరికి ఒక క్యారియర్ బిగించి సంచిని దాని పక్కకు తగిలించిన రోజున, వీపుకు సముద్రపు గాలి తగులుతుంటే, సైకిల్ తొక్కడంలో ఇంత సుఖముందా అనిపించింది. ఆ సుఖం నాకు ఇప్పటికీ పాతబడలేదు. మా నాన్నగారి నల్ల సైకిల్‌కు క్యారియర్, మడ్‌గార్డులు, చైన్ కవర్, స్టాండు అన్నీ కొన్ననాడే ఉన్నాయి. ఇప్పటి గేర్ సైకిళ్లలో చాలావాటికి వాటిని విడిగా కొనుక్కోవాలి, కొన్నిటికి కొన్నా బిగించే చోటుండదు.

ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులో స్ప్రింగులున్న ఎంటీబీని, అంటే కొండదారుల సైకిల్‌ను, గుంతల భయంతో దాదాపు కొనబోయాను. తక్కువ ధర ఫోర్కు గుంతల్లో కలిగించే సుఖం కన్నా ఎత్తు ఎక్కేటప్పుడు మోయించే బరువే ఎక్కువని రెండు రోజులు అరువు తెచ్చి తొక్కాక తెలిసింది. అలాంటి ఫోర్కుకు పూర్తి మడ్‌గార్డు బిగించడమూ కష్టమే. అప్పుడు చూసిన రోడ్ బైక్‌కు, అంటే సన్నటి టైర్ల వేగపు సైకిల్‌కు, ఆ రంధ్రాలే లేవని తర్వాత తెలిసింది. సీటు గొట్టానికి పట్టే క్యారియర్లు దొరుకుతాయి గాని బరువు పడితే పక్కకు తిరిగిపోతాయి.

అయితే నేను ఇంతగా మెచ్చుకునే ఆ రంధ్రమే మూడో ఏట నన్ను వానలో నడిరోడ్డు మీద నిలబెట్టింది. అక్టోబరు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుండగా సాగర్ నగర్ దాటాక వెనుక టప్పుమని చప్పుడైంది. క్యారియర్ ఎడమ కాలు జారి, సంచి చక్రంలోకి ఒరిగి, రెండు పుల్లలు విరిగి, చక్రం బిగుసుకుపోయింది. చూస్తే బోల్టు తల లేదు, మిగతా ముక్క ఫ్రేములోనే ఉండిపోయింది. మర్నాడు ఒక సైకిల్ దుకాణంలో ఫ్రేమే మార్చాలన్నారు. జోడుగుళ్లపాలెంలో పడవల ఇంజన్లు బాగుచేసే పెద్దాయన ఒకరు మాత్రం దాన్ని చూడగానే, "గ్రీజు రాయకుండా బిగించీసినారా బాబూ? ఉప్పుగాలికి పాతుకుపోద్ది గదా" అన్నారు. ఉక్కు బోల్టు, అల్యూమినియం ఫ్రేము ఉప్పుతేమలో ఒకదానికొకటి ఆనుకొని ఉంటే అల్యూమినియం పొక్కి బోల్టును పట్టేసుకుంటుంది. పైకి తుప్పు కనబడని స్టెయిన్‌లెస్ బోల్టుకూ ఇది తప్పదు. నా బోల్టు అలా పాతుకుపోకముందే కాస్త వదులైనట్టుంది, దాంతో కుదుపులన్నీ దాని మెడ మీదే పడి తెగింది. ఆయన గంటన్నర ఓపికగా ముక్కను డ్రిల్లుతో తొలిచి తీసి, 5 మిల్లీమీటర్ల రంధ్రానికి 6 మిల్లీమీటర్ల మర తీశారు. ఇప్పుడు అందులో కాస్త పొడవైన బోల్టు వేసి లోపలి వైపు నట్టు కూడా బిగించాను. కుడివైపు చైన్‌కు తగులుతుంది కాబట్టి అక్కడ ఆ వీలు లేదు. నెలకోసారి నాలుగింటినీ అలెన్ కీతో (బోల్టు తల గుంటలో పట్టే ఆరు పలకల తాళంతో) బిగువు చూసుకుంటాను, ఏడాదికోసారి ఊడదీసి గ్రీజు పూస్తాను.

బరువు వెనక్కి చేరాక సైకిల్ నడక మారుతుందని కూడా చెప్పాలి. నిండు సంచితో రుషికొండ ఎత్తు ఎక్కుతూ పెడల్ మీద నిలబడితే వెనుక భాగం పాములా ఊగుతుంది, అందుకే కూర్చునే చిన్న గేరులో ఎక్కుతాను. 35 మిల్లీమీటర్ల టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న సందు చాలా తక్కువ. వానాకాలంలో ఎర్రమట్టి దిబ్బల వైపు మట్టిబాట పడితే బురద అందులో ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. భీమిలి దారిలో రోడ్ బైక్ మిత్రులు నన్ను మంగమారిపేటలోనే వదిలి ముందుకు పోతారు, నేను చేరేసరికి వాళ్ల టిఫిన్లు అయిపోతాయి.

మాది కింది అంతస్తు, ఆఫీసులో సైకిల్ పెట్టుకోవడానికి నీడ ఉంది, నాకు వేగం కన్నా పొడి చొక్కా ముఖ్యం. కాబట్టి ఈ సైకిల్ నాకు సరిపోయింది. లిఫ్టు లేని మూడో అంతస్తుకు క్యారియర్‌తో సహా రోజూ మోయవలసి వస్తే ఇంత మెచ్చుకునేవాణ్ని కానేమో. ఆదివారాలు మాత్రమే తొక్కేవారికైతే రోడ్ బైకే మేలని నాకూ అనిపిస్తుంది. రోజూ సామానుతో వెళ్లేవారు, అందులోనూ తీరంలో ఉండేవారు, దుకాణంలోనే ఆ నాలుగు బోల్టులూ ఊడదీయించి, గ్రీజు పెట్టించి ఇంటికి తెచ్చుకోండి.