జింక వేటకు లేజర్ రేంజ్‌ఫైండర్: ఆరు వేట కాలాలు వాడిన తరువాత

రేంజ్‌ఫైండర్ (ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో కొలిచే పరికరం) కొనబోయేవారు మొట్టమొదట చూసేది డబ్బా మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన గరిష్ఠ దూరాన్ని. నేనూ మొదటిసారి దానినే చూసి, 1000 గజాలు అని రాసి ఉన్న పరికరాన్ని కొన్నాను. దానితో మూడు వేట కాలాలు, ఆ తరువాత ఇప్పుడు నా దగ్గరున్న రెండవ పరికరంతో మరో మూడు కాలాలు, లైసెన్సు తీసుకుని విల్లుతోను రైఫిల్‌తోను జింకలను వేటాడాను. ఈ ఆరు కాలాల అనుభవంతో చెబుతున్నాను: జింక వేటకు పరికరాన్ని ఎంచుకునేటప్పుడు ఆ అంకె మీద ఆధారపడకూడదు.

ఎందుకో చెప్పాలంటే పరికరం పనితీరు కొంత తెలియాలి. సాధారణంగా వీటిలో 905 నానోమీటర్ల పరారుణ లేజర్ ఉంటుంది. అది మన కంటికి కనబడదు. పరికరం ఆ కాంతిని క్షణకాలపు తునకలుగా పంపి, అవి ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. ఒక గజం దూరం పోయి రావడానికి కాంతికి పట్టేది సుమారు 6 నానోసెకన్లు మాత్రమే. తిరిగి వచ్చే కాంతి ఎంత బలంగా ఉంటే కొలత అంత సులభం కనుక, తయారీదారులు చెప్పే గరిష్ఠ దూరం కాంతిని బాగా వెనక్కి కొట్టే లోహపు పలక వంటి వస్తువుకు వర్తిస్తుంది. జింక రోమం కాంతిని చెదరగొడుతుంది, కొంత పీల్చుకుంటుంది. నా 1000 గజాల పరికరం జింక మీద నమ్మకంగా పనిచేసినది 350 గజాల వరకే, అదీ మబ్బు పట్టిన రోజుల్లో. మిట్టమధ్యాహ్నపు ఎండలో సూర్యకాంతి గ్రాహకాన్ని ముంచెత్తడం వల్ల అది ఇంకా తగ్గేది. వాన, పొగమంచు ఉన్నప్పుడు లేజర్ నీటి తుంపరలకే తగిలి తిరిగి వస్తుంది. అందుచేత కొనేవారు పత్రాలలో ‘జింకకు’ అని విడిగా ఇచ్చిన దూరం ఉందేమో వెతకాలి. అది లేకపోతే గరిష్ఠ దూరంలో మూడో వంతు కంటే ఎక్కువ ఆశించకపోవడమే మంచిది.

అంతకంటే ముఖ్యమైనది లేజర్ పుంజం ఎంత సన్నగా ఉందన్నది. 2 మిల్లీరేడియన్ల (మిల్లీరేడియన్ అంటే 1000 గజాల దగ్గర ఒక గజం వెడల్పయ్యే కోణం) వెడల్పున్న పుంజం 300 గజాల దగ్గర దాదాపు 22 అంగుళాలకు వ్యాపిస్తుంది. జింక ఛాతీ లోతు అంతకంటే తక్కువే కాబట్టి, మీరు గురి సరిగ్గా జింక మీదే పెట్టినా కాంతిలో కొంత భాగం వెనకనున్న గట్టుకో ముందున్న పొదకో తగులుతుంది. పైగా చాలా పరికరాలలో ఈ పుంజం గుండ్రంగా కాక పొడవాటి గీతలా ఉంటుంది. అద్దంలో కనిపించే గురిగుర్తు నడిమధ్యన పుంజం ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. దీనిని ఎవరైనా పరీక్షించవచ్చు. వెనక ఏమీ లేని ఒంటరి స్తంభం ఒకటి చూసుకుని, పరికరాన్ని ట్రైపాడ్ మీద ఉంచి, గురిగుర్తును ఒక పక్కనుంచి స్తంభం వైపుకు కొద్దికొద్దిగా జరుపుతూ అంకె ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడాలి. తరువాత అడ్డంగా ఉన్న కమ్మీ మీద పైనుంచి కిందికి అలాగే చేయాలి. నా మొదటి పరికరపు పుంజం గురిగుర్తుకు కుడివైపు కిందికి ఉందని ఈ పరీక్షలోనే తెలిసింది. కొన్న రోజునే చేయవలసిన ఈ పనిని రెండేళ్ల తరువాత, ఒక బాణం వృథా అయ్యాక చేశాను.

ఆ సాయంత్రం నేను నేల మీద, పొద చాటున విల్లుతో కూర్చున్నాను. ఎత్తైన గడ్డి అవతల ఒక మగ జింక నిలబడింది. కొలిస్తే 30 గజాలు వచ్చింది. అది రెండడుగులు పక్కకు వేసి గడ్డి చాటు వీడగానే 30 గజాల పిన్నుతో (విల్లు మీద ఆ దూరానికి అమర్చిన గురి సూచికతో) బాణం వదిలాను. బాణం దాని పొట్ట కిందుగా పోయి మట్టిలో దిగింది. తరువాత కొలుచుకుంటే జింక నిలబడిన చోటు 40 గజాలు. మొదటి కొలత గడ్డిది. సెకనుకు 270 అడుగుల వేగంతో పోయే బాణం విషయంలో 40 గజాలను 30 అనుకుంటే బాణం దాదాపు 10 అంగుళాలు కిందికి పోతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం మొత్తం ఎనిమిది పది అంగుళాలే. ఆ రోజు జింకకు దెబ్బ తగలలేదు కనుక సరిపోయింది. అదే బాణం పొట్టలో గుచ్చుకుని ఉంటే అది రాత్రంతా బాధపడి ఎక్కడో పడి చచ్చేది. రేంజ్‌ఫైండర్ మోసుకు తిరిగేది ఆ పరిస్థితి రాకుండా ఉండడానికే కదా.

అందుకే ఇప్పుడు ‘చివరి లక్ష్యం’ పద్ధతి లేని పరికరాన్ని నేను ఎవరికీ సూచించను. పుంజం రెండు మూడు వస్తువులకు తగిలినప్పుడు అన్నిటికంటే దూరంగా ఉన్నదాని కొలతను చూపడమే ఆ పద్ధతి. గోల్ఫ్ కోసం తయారైన పరికరాలు దీనికి వ్యతిరేకంగా, దగ్గరున్న జెండా కర్రను పట్టుకునేలా అమర్చి ఉంటాయి కనుక, చవకగా దొరికాయని వాటిని అడవికి తీసుకుపోవడం పొరపాటు. మీట నొక్కి పట్టుకుంటే కొలతలు వరుసగా చూపే స్కాన్ సౌకర్యం కూడా నాకు బాగా అక్కరకు వచ్చింది. జింక వెంట మెల్లగా జరుపుతుంటే అంకె ఎక్కడ హఠాత్తుగా మారుతుందో దానిని బట్టి ఏది పొదో ఏది జింకో తేలిపోతుంది.

తెర సంగతి కొనే ముందు పగటి వెలుగులో తెలియదు. జింకలు బయటికి వచ్చేది వేకువ మసకలోను, మునిమాపులోను. మొదటి పరికరంలో నల్లటి ఎల్‌సీడీ అంకెలు ఉండేవి. చెట్ల నీడ ముందు ఆ నలుపు కనిపించక, నేను గురిని ఆకాశం వైపు తిప్పి అంకె చదువుకోవలసి వచ్చేది. ఇప్పటి పరికరంలోని ఎర్రటి అంకెలు చీకట్లోనూ చదవగలుగుతున్నాను. అయితే వెలుగు తగ్గించుకునే వీలు తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే ఆ ఎరుపు కంటిని కమ్మి అసలు జింకే కనబడదు. 6 రెట్లు పెద్దది చేసి చూపే పరికరానికి 24 మిల్లీమీటర్ల ముందు కటకం ఉంటే కంటికి చేరే కాంతి వృత్తం 4 మిల్లీమీటర్లు. అంతకంటే చిన్న కటకంతో మసక వెలుతురులో నేను ఇబ్బంది పడ్డాను.

వాలు సవరణ (ఏటవాలుగా కొలిచిన దూరాన్ని సమతల దూరంగా మార్చి చూపే సౌకర్యం) గురించి ప్రకటనలు చెప్పినంత అవసరం మంచె మీద కూర్చునేవారికి లేదు. 6 గజాల ఎత్తు మంచె నుంచి, నేల మీద 20 గజాల దూరంలో ఉన్న జింకకు కర్ణం కొలిస్తే 21 గజాలు కూడా రాదు. కొండ వాలు మీద రైఫిల్‌తో వేటాడేవారికి మాత్రం ఇది పెద్ద విషయమే. 30 డిగ్రీల వాలులో కొలత 300 గజాలు వచ్చినా, గురి పెట్టవలసినది 260 గజాలకే.

మంచె ఎక్కగానే చుట్టూ ఉన్న నాలుగైదు చెట్ల దూరాలు కొలిచి గుర్తు పెట్టుకుంటాను. జింక వచ్చాక చేయి కదపనవసరం లేని వేటలే ఎక్కువ, కాబట్టి పరికరం వాడకంలో అధిక భాగం జింక రాకముందే జరిగిపోతుంది. చలి రోజుల్లో పరికరంలోని చిన్న సీఆర్2 బ్యాటరీ నీరసిస్తుంది. పరికరాన్ని చొక్కా లోపలి జేబులో ఉంచి, ఒక బ్యాటరీ అదనంగా పెట్టుకుంటే సరిపోతుంది. పరికరంతో వచ్చిన సంచికి వెల్‌క్రో మూత ఉండేది. నిశ్శబ్దమైన ఉదయం దాని చప్పుడుకు ఒక ఆడ జింక తలెత్తి నా వైపే చూసి పరుగెత్తింది. ఆ సాయంత్రమే సంచిని తీసివేసి పరికరాన్ని మెడలో తాడుకు కట్టుకున్నాను, ఇప్పటికీ అలాగే వాడుతున్నాను.