బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కొట్లవాళ్ళకి: "కంప్యూటర్ సెక్యూరిటీ ప్యాకేజీ" కట్టే ముందు ఇది చదవండి

టాలీ (లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్న ప్రతి కొట్టుకీ ఇప్పుడు ఒక కుర్రాడు బ్యాగు తగిలించుకుని వస్తున్నాడండి, యాంటీవైరస్, బ్యాకప్, సర్వీసు అన్నీ మేమే చూసుకుంటాం ఏడాదికి ఇంత ఇచ్చీండి చాలు అని. మేమూ కట్టేం. మాది బరంపురంలో చీరల హోల్‌సేల్, ఇచ్ఛాపురం సోంపేట నుంచి ఇటు రాయగడ దాకా అరువు ఖాతాలు, అవన్నీ టాలీలోనే.

దసరా స్టాకు దిగుతున్న టైములో పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో నాలుగు అక్షరాలు తగులుకుని ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోదు, ప్రతి ఫోల్డర్లోనూ రీడ్‌మీ అని ఒక నోట్. 980 డాలర్లు కట్టాలట, 72 గంటల్లోపు అడిగితే సగం తగ్గించి 490 అట. దొంగతనానికి కూడా పండగ డిస్కౌంటు! ఇది స్టాప్ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే వైరస్, ఎక్కువగా క్రాక్ (లైసెన్స్ లేకుండా నడిచే దొంగ) సాఫ్ట్‌వేర్ వెంటే లోపలికి దూరుతుంది. మా దగ్గర క్రాక్ వేసింది సర్వీసువాళ్ళేనండి. ముందురోజు లేబుళ్ళ సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, ఒరిజినలే అని బిల్లు రాసి మరీ డబ్బులు పట్టుకెళ్ళేరు.

మరి యాంటీవైరస్ ఏం చేస్తోందంటారా. మా అక్క కొడుకు విశాఖలో చదువుతున్నాడు, వాడొచ్చి చూస్తే వాళ్ళు డబ్బులు తీసుకున్న యాంటీవైరస్ లైసెన్స్ కీ ఎప్పుడో బ్లాక్ అయిపోయి ఉంది, ఒకటే కీ ఊరందరికీ వేసేరేమో. సరే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, డిఫెండర్ అయినా ఉంది కదా అని సెట్టింగ్స్‌లో ఎక్స్‌క్లూజన్స్ తెరిచేడు. అక్కడ ఒకే ఒక్క లైను, సీ డ్రైవ్. అంటే మొత్తం డ్రైవ్‌ని చూడొద్దు అని డిఫెండర్‌కి చెప్పి పెట్టేరన్నమాట, లైసెన్స్ లేని విండోస్‌ని నడిపించే దొంగ యాక్టివేటర్‌ని అది పట్టుకోకుండా.

బ్యాకప్ సంగతి ఇంకా దారుణం. ఎప్పుడు ఫోన్ చేసినా "సబు ఠిక్ అఛి ఆజ్ఞా" (అంతా బాగానే ఉందండి) అనేవారు. ఆ బ్యాకప్ ఎక్కడుందయ్యా అంటే అదే హార్డ్ డిస్కులో డీ డ్రైవ్‌లో! వైరస్ అక్కర్లేదండి, తుఫాను రోజుల్లో కరెంటు పోయి వచ్చి డిస్కు కొట్టేసినా రెండూ కలిసే పోతాయి. ఫైలిన్, తిత్లీ చూసిన ఊళ్ళు మనవి, ఇలాంటి బ్యాకప్ అమ్మడానికి మొహం ఎలా వచ్చిందో.

అమ్మకాలూ కొనుగోళ్ళూ జీఎస్టీ పోర్టల్ నుంచి, జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 2బీ (కొనుగోళ్ళ పట్టీ) దించుకుని చాలావరకు మళ్ళీ ఎక్కించేం. ఎవరు ఎంత కట్టేరు, ఎంత బాకీ అన్నది పోర్టల్లో ఉండదు కదా. ఇచ్ఛాపురం పార్టీలు పాపం బిల్లుల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేరు, కొంతమందికి మాత్రం హఠాత్తుగా ఏదీ గుర్తులేదు.

కాబట్టి డబ్బులు ఇచ్చే ముందు లైసెన్స్ మీ మెయిల్ ఐడీ మీదే రిజిస్టర్ చెయ్యమనండి. బ్యాకప్ బయట డ్రైవ్‌లో తీసి, పనయ్యాక ఊడదీసి ఇంటికి పట్టుకెళ్ళేలా ఉండాలి, తగిలించి వదిలేస్తే వైరస్ దాన్నీ లాక్ చేసేస్తుంది. ఆ బ్యాకప్ నుంచి కంపెనీ డేటా వేరే కంప్యూటర్లో మీ కళ్ళముందు తెరిచి చూపించమనండి, ఇక్కడే నీళ్ళు నమిలేది. ఎనీడెస్క్‌కి (దూరం నుంచి మన సిస్టమ్ నడిపే సాఫ్ట్‌వేర్) పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టి వెళ్తే తీయించండి. రీఫర్బిష్డ్ (పాతది బాగుచేసిన) సిస్టమ్ అంటగడితే ప్రాసెసర్ ఏ జెనరేషనో అడగండి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 14 అక్టోబర్ 2025తో అయిపోయింది, విండోస్ 11 ఏమో ఇంటెల్ 8వ జెనరేషన్ కిందవాటికి చాలావరకు పనికిరాదని మైక్రోసాఫ్టే చెప్తోంది.

ఇప్పటికే తగులుకున్నవాళ్ళు ఫార్మాట్ కొట్టించెయ్యకండి, డిస్కు తీసి పక్కన పెట్టండి. నోట్ కింద పర్సనల్ ఐడీ చివర టీ1 (t1) అని ఉంటే ఆఫ్‌లైన్ కీ, అంటే వైరస్ తనతో తెచ్చుకున్న ఉమ్మడి తాళం, నో మోర్ రాన్సమ్ సైట్లో లాక్ విప్పే ఉచిత డిక్రిప్టర్ దొరుకుతుంది, దానితో కొంత ఆశ ఉంది. మాకు ఆ అదృష్టం లేదు. వాళ్ళకి డాలర్లు కట్టలేదు, సైబర్‌క్రైమ్ పోర్టల్లో కంప్లైంట్ పెట్టేం, ప్యాకేజీ డబ్బుల కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా. అది తేలేదాకా వాళ్ళ పేరు ఇక్కడ రాయట్లేదు, కామెంట్లలో అడగొద్దు. మీ బిల్లు, చాట్ ఉంటే మాత్రం దాచుకోండి, రెన్యువల్‌కి వచ్చేది ఈ నెలలోనే.