మార్కెట్ 60 అంది, నేను 70 అన్నా... ఆర్నెల్ల వాడకం తర్వాత రివ్యూ

నిజం డబ్బులు కాకుండా పాయింట్లతో ఆడే ప్రిడిక్షన్ మార్కెట్ యాప్ ఒకటి ఆర్నెల్లుగా వాడుతున్నా, పేరు చెప్పను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి. తెలీనోళ్ళకి ఒక్క ముక్క: ఫలానాది జరుగుతుందా లేదా అని ప్రశ్న ఉంటది, "అవును" షేర్ ధర 60 ఉందనుకోండి, జరిగితే 100 వస్తాయి లేకపోతే సున్నా, అంటే ఆడేవాళ్ళంతా కలిసి ఇంచుమించు 60 శాతం ఛాన్స్ ఉందంటున్నట్టు.

బాగా నచ్చింది ఒక చిన్న సెట్టింగ్. ధర దాచిపెట్టి ముందు నీ నంబర్ కొట్టు అంటది, ఆ తర్వాతే చూపిస్తది. మొదట్లో చిరాకేసి ఆఫ్ చేసేశా, అప్పట్నుంచీ నా అంచనాలన్నీ విచిత్రంగా మార్కెట్‌కి మూడు నాలుగు పాయింట్ల దగ్గర్లోనే తిరుగుతున్నాయి, ధర కనపడ్డాక సొంత బుర్ర పనిచెయ్యట్లేదని అర్థమై మళ్ళీ ఆన్ చేశా.

స్కోర్ పేజీలో బ్రయర్ స్కోర్ ఉంటది. 1950లో గ్లెన్ బ్రయర్ వాతావరణ అంచనాల కోసం చెప్పిన లెక్క, మనం అన్నదానికీ (80 శాతం అంటే 0.8) జరిగినదానికీ (జరిగితే 1, లేకపోతే 0) తేడాని స్క్వేర్ చెయ్యడమే, ఎంత తక్కువొస్తే అంత మంచిది. ఒకదాంట్లో నేను 80 అన్నా, మార్కెట్ 55 అంది, జరగలేదు. నాకు 0.64, దానికి 0.30. ఇలా పక్కపక్కనే పెట్టి చూపిస్తుంటే నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రోగం కొంచెం తగ్గింది. మొత్తమ్మీద మార్కెట్టే గెలిచింది. నేను గెలిచినవి ఎక్కువగా ఎవరూ పట్టించుకోని ప్రశ్నలు, అక్కడ ఒకడు 50 పాయింట్లు పెడితే ధర 30 నుంచి 48కి ఎగిరిపోద్ది, దాన్ని జనాభిప్రాయం అనడం కామెడీ.

(2016లో యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికెళ్ళాలా అన్న బ్రెగ్జిట్ ఓటింగ్ రోజు, వెళ్ళే ఛాన్స్ తక్కువన్న బెట్టింగ్ మార్కెట్లు తప్పాయిగా అంటారు కొందరు. 20 శాతం అన్నది కూడా ఐదింట్లో ఒకసారి జరుగుద్ది బాబూ, ఒక్కదాంతో తేల్చేస్తే ఎలా.)

అసలు గొడవ కెల్లీ కాలిక్యులేటర్‌తో, అంటే ధరకీ మన అంచనాకీ తేడాని బట్టి ఉన్న పాయింట్లలో ఎన్ని పెట్టాలో చెప్పేది. ధర 60, నా అంచనా 70 అని కొడితే 1000 పాయింట్లలో 250 పెట్టమంటది. ఫార్ములాలో తప్పేం లేదు, కాకపోతే నా 70ని గుడ్డిగా నమ్మేస్తది. ఇప్పుడు నేను మార్కెట్‌కి 70 వంతులు, నాకు 30 వంతులు వేసి కలుపుతున్నా, 63 వస్తది, అది కొడితే 75 పాయింట్లే పెట్టమంటది. 250 ఎక్కడ, 75 ఎక్కడ! దీనికో స్లయిడర్ పెట్టొచ్చుగా, ప్రతిసారీ కాగితం మీద చేసుకోవాల్సొస్తోంది.

ఇంకోటి, ఏది జరిగితే "అవును" అని తేలుస్తారో చెప్పే రూల్స్ మూడు ట్యాప్‌ల లోపల దాచారు. ఒక సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ నెలాఖరుకి వస్తుందా అన్నదానికి నేను 85 అన్నా, మార్కెట్ 40 దగ్గరుంది, వీళ్ళకి పిచ్చా అనుకుని పాయింట్లన్నీ కుమ్మరించా, బీటా (ముందుగా ఇచ్చే టెస్ట్ వెర్షన్) రాగానే పండగ చేసుకున్నా కూడా. నెలయ్యాక "లేదు" అని తేల్చారు, అందరికీ అందుబాటులోకి వస్తేనే లెక్కంట. వాళ్ళు ఒక ప్రశ్నకి జవాబు చెప్తుంటే నేను ఇంకోదానికి చెప్తున్నా అన్నమాట. సపోర్ట్‌కి రాస్తే అదే రూల్ కాపీ పేస్ట్ చేసి పంపారు. అప్పట్నుంచీ నాకూ మార్కెట్‌కీ తేడా 20 దాటిందంటే ముందు రూల్స్ తెరుస్తున్నా, సగం సార్లు తప్పు నాదే.

5కి 3.5. ఆ స్లయిడర్ పెడితే 4 ఇస్తా.