పాలమూరు హాల్లో ‘కల్కి’: తప్పులు ఎంచుతూనే ఆనందించిన మూడు గంటలు

2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ గొప్ప సినిమా అని నేను అనను. కానీ థియేటర్‌కు వెళ్లి చూడవలసిన సినిమా అని మాత్రం గట్టిగా చెబుతాను. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదిరిందో చెప్పాలంటే సినిమాతో పాటు, విడుదలైన రెండో వారంలో దాన్ని నేను చూసిన మహబూబ్‌నగర్ సింగిల్ స్క్రీన్ గురించి కూడా చెప్పవలసి ఉంటుంది.

ముందుగా లోపాలు. కురుక్షేత్రంతో మొదలై, గంగ ఎండిపోయిన కాశీకి, దానిపైన ఆకాశంలో వేలాడే, ధనికుల నగరమైన ‘కాంప్లెక్స్’కు ప్రేక్షకుణ్ణి తీసుకువెళ్లేంత వరకూ దర్శకుడు నాగ్ అశ్విన్ పట్టు సడలనివ్వలేదు. ఆ తరువాత ప్రభాస్ పోషించిన భైరవ రాకతో కథ చాలాసేపు నిలిచిపోతుంది. కాంప్లెక్స్‌లోకి ప్రవేశం దొరకాలంటే పది లక్షల యూనిట్లు సంపాదించాలన్నది ఆ పాత్ర ఏకైక ఆశయం. అంతవరకు బాగానే ఉన్నా, ఆ ఆశయం చుట్టూ అల్లిన హాస్యంలో సగం పేలలేదు. రాజమౌళి, రామ్ గోపాల్ వర్మ వంటివారు తెరమీద మెరిసిన ప్రతిసారీ హాలంతా నవ్వింది గానీ, అంతదాకా కట్టుకుంటూ వచ్చిన లోకం కాస్తా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. దీపికా పదుకొణె పోషించిన సుమతి కథకు మూలమైనా, ఆమె భయం తప్ప ఆమె మనసు మనకు తెలియదు. ఎడారి, దుమ్ము, తుప్పు పట్టిన వాహనాలు చూస్తుంటే హాలీవుడ్ నీడ ఎక్కడిదో కనిపెట్టడానికి పెద్ద పరిజ్ఞానం అక్కరలేదు.

ఇన్ని చెప్పినా, అశ్వత్థామ లేచి నిలబడిన క్షణంలో ఈ లెక్కలన్నీ పక్కకు పోతాయి. అప్పటికి ఎనభై ఒకటేళ్ల అమితాబ్ బచ్చన్ గుడి చీకట్లోంచి పైకి లేస్తున్నప్పుడు, అప్పటిదాకా సెల్‌ఫోన్ వెలుగులతో మిణుకుమిణుకుమంటున్న మా బాల్కనీ నిశ్శబ్దమైపోయింది. నా పక్క సీటులో మనవడితో వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. ‘‘తాతా, గీయన ఇంక సావలేదా?’’ అని పిల్లవాడు అడిగితే, ‘‘కృష్ణుడు శాపం పెట్టిండు బిడ్డా, సావు రాదు’’ అని ఆయన తెర మీదనుంచి కళ్లు తిప్పకుండానే సమాధానమిచ్చారు. చిందు భాగవతుల ఆటల్లో భారత కథలు చూస్తూ పెరిగిన తరానికి ఈ సినిమాలో ఎవరూ ప్రత్యేకంగా వివరించనక్కరలేని భాగం ఇదే. నిజానికి దర్శకుడు కూడా ఇక్కడ వివరణల జోలికి పోలేదు, అందుకే అది అంతగా పండింది.

రెండో సగంలో అశ్వత్థామకూ భైరవకూ మధ్య జరిగే పోరు, పతాక సన్నివేశం, ఈ రెండింటికీ హాల్లో వచ్చిన స్పందన టీవీ ముందు కూర్చుంటే దొరకదు. అర్జునుడిగా విజయ్ దేవరకొండ కనిపించినప్పుడు ఈలలు మరీ ఎక్కువగా వినిపించాయి. ఆయన కుటుంబానిది అచ్చంపేట వైపు గనుక పాలమూరు జనం మనవాడనుకోవడంలో వింత లేదు. కొద్దిసేపే ఉన్న పాత్రకు అంత గోల అవసరమా అన్నది వేరే ప్రశ్న. భైరవ పూర్వజన్మ బయటపడే ఘట్టంలో మాత్రం నేను కూడా ఈల వేసిన మాట దాచను. మొదటి సగంలో ఆ పాత్ర చేసిన చిల్లర పనులన్నింటికీ అక్కడ ఒక అర్థం దొరుకుతుంది. ఆలస్యంగానే అయినా దొరుకుతుంది.

ఇక హాలు సంగతి. తెర శుభ్రంగా ఉంది, బొమ్మ వెలుగు ఫరవాలేదు. కుడివైపు స్పీకర్లు మాత్రం గట్టి శబ్దాలకు చిరుగుతున్నాయి; పోరాటాల్లో అది చెల్లిపోయినా, భైరవ వాహనం బుజ్జికి కీర్తి సురేశ్ చెప్పిన మాటలు సగం వినపడలేదు. ఇంటర్వెల్ తరువాత ఏసీ ఆపేసినట్టున్నారు, మధ్య వరుసల వాళ్లు టికెట్లతో విసురుకుంటూ కనిపించారు. క్యాంటీన్‌లో పాప్‌కార్న్ జోలికి పోవద్దు. అప్పుడే నూనెలోంచి తీసి కాగితంలో పెట్టి ఇచ్చే ఉల్లిగడ్డ సమోసాలు మాత్రం తప్పక తినవలసినవి. అయితే బెల్లు మోగకముందే ఒక నిమిషం ముందు లేచి వెళ్తేనే దొరుకుతాయి.

వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు వెళ్లి పెద్ద తెర మీద చూస్తే శబ్దం, చిత్రం రెండూ ఇంతకన్నా ఎంతో మేలుగా ఉంటాయనడంలో సందేహం లేదు. కుటుంబంతో అయితే డీజిల్, టోల్‌గేటు, మల్టీప్లెక్స్ తిండి ఖర్చు కలిపి టికెట్ల సొమ్మును మించిపోతుంది. సాంకేతికత మీద ప్రాణం పెట్టేవారికి ఆ ఖర్చు తగినదే. కథలోని అతుకులను జనం కేకల మధ్య మరిచిపోదలచినవారికి మన ఊరి బాల్కనీ చాలు, అదీ ఎడమవైపు వరుసల్లో. స్టాండులో బండి ఇరుక్కుంటుందని పేర్లు పడగానే పరుగెత్తవద్దు. కమల్ హాసన్‌కు ఈ తొలి భాగంలో ఇచ్చిన కొద్దిపాటి నిడివిలో చూడదగినదంతా చివర్లోనే ఉంది.