సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్: బీఎస్4 మేలా, బీఎస్6 మేలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాత పికప్ బేరానికి వెళ్లినవాళ్లు ముందు అడిగేది "బొలెరోనా, దోస్తా?" అని (మహీంద్రా బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్). ఆ తర్వాత "ఎంత తిరిగింది?" అని. మీటర్‌ను వెనక్కి తిప్పడం పెద్ద కష్టమేమీ కాదు కాబట్టి రెండో ప్రశ్నకు వచ్చే జవాబును నేను సగమే నమ్ముతాను. అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది: బండి మీ చేతిలో రోజూ ఏ దారిలో తిరగబోతోంది?

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బండి పొగకు హద్దు పెట్టే బీఎస్6 నిబంధనలు వచ్చాయి, అంతకుముందున్నవి బీఎస్4. వాటితో పాటు డీజిల్ పికప్పుల సైలెన్సర్ దారిలోకి డీపీఎఫ్ అనే వడపోత వచ్చింది. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. నిండిన మసిని కాల్చి శుభ్రం చేసుకోవడానికి దానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి పుట్టాలంటే బండి కాసేపు ఆగకుండా, ఒకే తీరు వేగంతో పోవాలి. గుర్రంపోడులో బత్తాయి ఎత్తి, నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ హైవే ఎక్కి బాటసింగారం మార్కెట్‌కు పోయే బండికి ఆ అవకాశం రోజూ దొరుకుతుంది. జడ్చర్ల నుంచి 44వ నంబర్ హైవే మీద హైదరాబాద్ కిరాయిలు కొట్టే బండికీ అంతే. అలాంటి పనికి బీఎస్6 బండే మేలు. వయసు తక్కువ, ఫైనాన్స్ సులువుగా దొరుకుతుంది, మళ్లీ అమ్మేటప్పుడు రేటు నిలబడుతుంది.

అదే బండిని పొద్దున పాల క్యాన్లకు, మధ్యాహ్నం దాణా బస్తాలకు ఊరి చుట్టూ తిప్పారనుకోండి. ఐదు కిలోమీటర్లు పోతుంది, ఆగుతుంది, మళ్లీ పోతుంది. మసి కాలడం మొదలయ్యేలోపే ఇంజిన్ ఆపేస్తారు. కొన్నాళ్లకు డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, బండి వేగం అందుకోదు, లాగదు. ఆ లైటు చూసి కూడా నడిపితే సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి కాల్పించాలి, ముదిరితే వడపోతే మార్చాలి. దాని ఖర్చు వింటే బండి ఎందుకు కొన్నామా అనిపిస్తుంది. "డీపీఎఫ్ తీసేసి పైపు వెల్డింగ్ చేస్తా, టెన్షన్ ఉండదు" అనే మెకానిక్‌లు ఉన్నారు. అలా చేస్తే చట్టం ఒప్పుకోదు, ఆర్టీఏ ఫిట్‌నెస్ పరీక్షలోనూ చిక్కు. అమ్మేవాళ్లు ముందే అలా చేయించి ఉండవచ్చు కాబట్టి కొనేముందు కింద దూరి చూడండి. డీజిల్ ట్యాంకు పక్కన నీలం మూత ఉంటే, పొగను శుభ్రం చేయడానికి విడిగా పోసే డీఈఎఫ్ ద్రవం ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఊరి చుట్టూ పనికి నేనైతే 2017–2020 మధ్య బీఎస్4 బండి వెతుకుతాను. అందులో మాత్రం కంప్యూటర్ గొడవ ఉండదని అనుకోవద్దు. బొలెరో పికప్‌లో ఉన్న 2,523 సీసీ ఇంజిన్‌కు బీఎస్4లోనే కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే పద్ధతి) వచ్చింది. డీజిల్ చిమ్మే నాజిళ్లు సున్నితం, డీజిల్‌లో నీళ్లు కలిస్తే తట్టుకోవు. అయినా డీపీఎఫ్ అనే పెద్ద ఖర్చు తప్పుతుంది. పూర్తిగా పానాతో బాగయ్యే బండి కావాలంటే అంతకుముందు తరం, కంప్యూటర్ లేని డీఐ ఇంజిన్ల దాకా పోవాలి. వాటిలో చాలావాటికి వయసు మీదపడింది, బండి పాతబడేకొద్దీ ఫిట్‌నెస్ ఫీజు బాగా పెరుగుతుంది. ఎంత చవకగా వచ్చినా కిరాయి పనికి వద్దనే అంటాను.

బీఎస్4తో ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. రవాణా బండికి 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించాలి, ఆ తర్వాత ఏటా. అంటే 2017 బండికి ఇప్పుడు ఏటా ఒక రోజు పని పోయినట్టే.

ఇక బొలెరోనా, దోస్తా అంటే, బరువును బట్టే. దోస్త్‌ది మూడు సిలిండర్ల 1,478 సీసీ ఇంజిన్, 1.25 టన్నుల మోడల్ బాగా నడిచింది. కూరగాయలు, కిరాణా సామాన్లకు అది చాలు. వడ్ల బస్తాలు, పల్లీ బస్తాలు అయితే బొలెరోనే. పాత బొలెరోల్లో కమాన్ కట్టలకు (బరువు మోసే స్ప్రింగు పట్టాలకు) అదనంగా పట్టా వేయించి ఉంటే ఆ బండి ఓవర్‌లోడ్ మోసిందని అర్థం. కమాన్ బిగించే చోట చాసీకి పగులు గానీ, కొత్త వెల్డింగ్ గానీ కనిపిస్తే బేరం ఆపేయండి.

ఇంజిన్ చూడటానికి పొద్దున్నే, బండి చల్లగా ఉండగానే వెళ్లాలి. మీరు వచ్చేసరికి స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారంటే కారణం ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత విప్పితే పొగ గుప్పుగుప్పున తన్నుతోందా? పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజిన్ పని ముందుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) మీద అనుమానపడాలి.

రేడియేటర్ సంగతి మన దగ్గర వేరుగా చెప్పుకోవాలి. నల్లగొండ బోరు నీళ్లు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, బండిని చంపేది ఆ నీళ్ల కాఠిన్యం. ఏ బావి దగ్గరో ఆపి నీళ్లు పోస్తూపోతే లోపల సున్నం పేరుకుంటుంది, ఎండాకాలం లోడు మీద ఇంజిన్ వేడెక్కుతుంది. మూత విప్పి చూడండి. తెల్లటి పెచ్చులు ఉంటే రేడియేటర్ విప్పించి కడిగించే ఖర్చును రేటులో తగ్గించమనాలి. కొన్నాక మాత్రం కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి. డీజిల్ ఫిల్టర్ కింద చేరే నీళ్లను అప్పుడప్పుడు తీసేయడం పెద్ద పనేం కాదు, నాజిళ్లు మాత్రం బతుకుతాయి. బీఎస్6 బండికి ఆయిల్ కూడా డీపీఎఫ్‌కు పనికొచ్చే తక్కువ బూడిద రకమే కావాలి. డబ్బా మీద ఆ మాట లేని లూజు ఆయిల్ పోస్తే వడపోత ఇంకా తొందరగా పూడుకుపోతుంది.

కాగితాల్లో ఫైనాన్స్ బకాయి ముఖ్యం. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే ఎన్ఓసీ, ఆర్సీలో వాళ్ల పేరు కొట్టేయించే ఫారం 35 చేతికి వచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వాలి. బండి పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు పెట్టించండి. చలాన్లు, పన్ను బకాయి, బండి బీఎస్4నా 6నా అన్నది ఆన్‌లైన్‌లో బండి నంబర్ కొట్టి చూసుకోవచ్చు. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. డ్రైవర్‌ను పెట్టుకునేట్టయితే, అతనికి ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ ఉంటే చాలు. 7,500 కిలోల లోపు రవాణా బండికి అది సరిపోతుందని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.