కారు నావిగేషన్‌లో అడ్రస్ కొట్టాలంటే: ఏబీసీ వరుసా, క్వెర్టీనా?

కారుతో పాటే వచ్చే నావిగేషన్‌లో రెండు రకాల కీబోర్డులు కనిపిస్తాయి. ఒకటి ఏ, బీ, సీ వరుసలో ఉంటుంది. రెండోది 1870ల నాటి టైప్‌రైటర్ నుంచి మన ఫోన్ దాకా వచ్చిన క్వెర్టీ.

టచ్‌స్క్రీన్ అయితే నా ఓటు క్వెర్టీకే. రోజూ ఫోన్‌లో కొట్టేదే కాబట్టి వేలు దానంతటదే వెళ్తుంది. ఏబీసీలో వరుస తెలిసినా, ‘కె’ ఏ లైన్‌లో పడిందో వెతుక్కోవాల్సిందే.

తిప్పే నాబ్ ఉన్న కార్లలో మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ అక్షరాలు ఒకే గీతలోనో, గుండ్రంగానో ఉంటాయి. ‘ఎం’ తర్వాత ‘ఎన్’ అని తెలిస్తే ఎటు, ఎంత తిప్పాలో చేతికే అర్థమవుతుంది. అదే క్వెర్టీ వరుసను అలా పరిస్తే పిచ్చెక్కుతుంది. ఇంకో సంగతి, జర్మనీ కీబోర్డులో వై, జెడ్ చోట్లు మారతాయి. ఫ్రాన్స్‌లో ఏ, క్యూ. అక్కడ అద్దె కారు తీసుకున్నవాళ్లకు ఏబీసీయే నయం.

చాలా సిస్టమ్‌లు మ్యాప్‌లోని పేర్లకు కుదరని అక్షరాలను మసకగా చేసేస్తాయి. మన ఊళ్ల పేర్లకు ఇది భలే పనికొస్తుంది: కూకట్‌పల్లి చివర ‘ఐ’ మసకబారితే, అక్కడ ‘వై’ కొట్టాలన్నమాట. ఈ సాయం రెండు కీబోర్డుల్లోనూ దొరుకుతుంది.

బండి కదిలాక కొన్ని కార్లు ఏ కీబోర్డునైనా లాక్ చేస్తాయి, పక్క సీట్లో మనిషి ఖాళీగా కూర్చున్నా సరే!